నే ముందే చెప్పాగా!

“మొదటి రౌండు దాటాడంటే ఇతనిదే బావా. దాటలేదనుకో, కష్టమే.”

డాలస్ నుంచి బావమరిది పంపిన ఈ జోస్యం ఈ వ్యాసకర్తని చాలా రోజులుగా కుదురుగా కాఫీ కూడా తాగనివ్వడం లేదు. ఇందులో తప్పు పట్టడానికి సందెక్కడుందా అని ఆయన వెతుకుతూనే ఉన్నాడు. మనిషన్నవాడు మొదటి రౌండు దాటనైనా దాటాలి, దాటకుండానైనా పోవాలి. మూడో దారి లేదు. కాబట్టి జోస్యం ఫలించక తప్పదు. ఫైటు ముగిసిన అర నిమిషానికల్లా వాట్సాప్‌లో రెండో మెసేజీ దిగుతుంది: “నే ముందే చెప్పాగా!”

చెప్పాడు. కాదనడానికి లేదు. ఏం చెప్పాడన్నదే ఇంతవరకూ తేలలేదు.

అమెరికాలో శనివారం రాత్రి జరిగే యూఎఫ్‌సీ పోటీలు మనకి ఆదివారం టిఫిన్ వేళకి తగులుతాయి. ప్లేట్లో పెసరట్టు చల్లారిపోతున్నా సరే, ఎనిమిది మూలల బోనులో ఇద్దరు మనుషులు పిడిగుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు, గొంతు నొక్కుళ్లు అన్నీ కలిపి ఒకరికొకరు వడ్డించుకుంటుంటే రెప్ప వాల్చకుండా చూసే ఇళ్లు తెలుగునాట కూడా ఉన్నాయి. చూసి ఊరుకుంటే గొడవే లేదు. శుక్రవారం బరువులు తూచిన దగ్గర్నుంచీ ప్రతివాడూ జ్యోతిష్కుడే. డబ్బు పందేలకి దారి లేదు. ఆన్‌లైన్ పందేలని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటికీ కలిపి చట్టమే చేసింది. కాబట్టి ఇక్కడ పోయేది పైసా కాదు, పరువు. పైసా పోతే సంపాదించుకోవచ్చు గానీ పరువు సంగతి అలా కాదు కదా, అందుకని జోస్యం చుట్టూ ‘అయితే’లతో ప్రహరీ కట్టుకోవడం ఆనవాయితీ అయింది.

నిజానికి ఫైటు ఫలితం ముందే చెప్పడం మనకి ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ‘తమ్ముడు’లో పవన్ కళ్యాణ్, ‘అమ్మా నాన్న ఓ తమిళ అమ్మాయి’లో రవితేజ, ‘లైగర్’లో విజయ్ దేవరకొండ బరిలోకి దిగితే హాల్లో ఎవరైనా ఒక్కరు కంగారు పడ్డారా? ముందు నాలుగు తన్నులు తింటాడు, మూతి పగులుతుంది, ఆప్తులెవరో గుర్తొస్తారు, డప్పులు మోగుతాయి, అంతే. 2022లో వచ్చిన ‘లైగర్’ ఏకంగా ఎం.ఎం.ఏ. (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) కథే. అందులోనూ జనం ముందుగా ఊహించలేకపోయింది క్లైమాక్స్‌ని కాదు, కలెక్షన్లని.

అసలు బోనులో మాత్రం డప్పులుండవు.

1993 నవంబరు 12న డెన్వర్‌లో మొట్టమొదటి యూఎఫ్‌సీ జరిగినప్పుడే ఈ సంగతి తెలిసిపోవాల్సింది. ఎనిమిది మంది వచ్చారు. 180 కిలోలు పైబడిన సుమో వీరుడు టైలా టులిని చూసి, ఇతన్ని కదిలించేదెవరని అనుకోని వాడుండడు. గెరార్డ్ గోర్డో కాలితో ముఖం మీద తంతే 26 సెకన్లలో ఆ పోటీ అయిపోయింది, టులి పన్ను బోను దాటి ఎగిరిపోయింది. ఆర్ట్ జిమ్మర్సన్ అనే బాక్సరు ఒక చేతికే గ్లవ్ తొడుక్కుని వచ్చాడు. రెండో చెయ్యి ఎందుకు వదిలేశాడో తెలుసుకునేలోపే నేల మీద ఓటమి ఒప్పుకున్నాడు. చివరికి గెలుపు ఎవరిదయ్యా అంటే, బ్యాంకులో క్యూలో నిలబడితే ఎవరూ రెండోసారి చూడని సన్నపాటి మనిషి, బ్రెజిల్ నుంచి వచ్చిన రాయిస్ గ్రేసీది.

ఆ రోజు నుంచీ తెలివైనవాళ్లు తప్పుతూనే ఉన్నారు. 2007 ఏప్రిల్ 7న హ్యూస్టన్‌లో కెనడా ఛాంపియన్ జార్జ్ సెయింట్ పియర్ ముందుకి మాట్ సెర్రా వచ్చాడు. టీవీ రియాలిటీ షోలో గెలిచి, ఆ గెలుపు పుణ్యాన టైటిల్ అవకాశం దక్కించుకున్నవాడు. తెలివైనవాళ్లంతా సెయింట్ పియర్ అన్నారు. తెలివి తక్కువవాళ్లు కూడా అదే అన్నారు. సెర్రా మొదటి రౌండులోనే పడగొట్టాడు. 2015 నాటికి రోండా రౌజీ వరసగా మూడు పోటీలని 16, 14, 34 సెకన్లలో ముగించి ఉంది. మూడూ కలిపితే 64 సెకన్లు, మధ్యలో వచ్చే వ్యాపార ప్రకటన అంతకంటే పెద్దది. ఆ నవంబరులో మెల్‌బోర్న్‌లో 56,214 మంది ముందు హోలీ హోమ్ రెండో రౌండులో ఎడమ కాలితో మెడ పక్కన తన్నింది. రౌజీ వెల్లకిలా పడిపోయింది.

వీటన్నిటినీ అంకెల్లో పెట్టేవాళ్లున్నారు. అమెరికా పందేల పద్ధతిలో ఫేవరెట్ పేరు పక్కన మైనస్ 500 అని వేస్తారు. 500 డాలర్లు ఒడ్డితే వచ్చే లాభం 100 అని అర్థం. అంటే అతను గెలిచే అవకాశం నూటికి 83 అని వాళ్ల లెక్క. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆదాయం 8, వ్యయం 14 అని చదివితే మనవాళ్లు ఎనిమిది దగ్గరే చెవులు మూసుకున్నట్టు, జోస్యగాళ్లు 83 చూస్తారు, మిగిలిన 17 వంక కన్నెత్తి చూడరు. మాట్ సెర్రాలందరూ ఆ పదిహేడులోనే కాపురముంటారు.

వ్యాసకర్త ఒకరోజు కాల్క్యులేటర్ తీశాడు. ఒక రాత్రి 13 ఫైట్లుంటాయనుకుందాం. ఒక్కో ఫైటుకి నూటికి 65 పాళ్లు సరిగ్గా చెప్పగల మేధావి ఉన్నాడనుకుందాం. పదమూడూ సరిగ్గా చెప్పడం అతనికి సుమారు 270 రాత్రుల్లో ఒక్కసారి కుదురుతుంది. ఏడాదికి నలభై పైచిలుకు రాత్రులు పోటీలుంటాయి కాబట్టి ఆ మేధావికి ఆరేళ్లకొకసారి పండగ. బావమరిది మాత్రం ప్రతి ఆదివారం చేసుకుంటున్నాడు.

గణితం వాడేవాళ్లలో ఇంకో రకం ఉన్నారు. ఫలానావాడు ఫలానావాణ్ణి కొట్టాడు, వాడు ఇంకోణ్ణి కొట్టాడు, కాబట్టి మొదటివాడు మూడోవాణ్ణి కొట్టితీరాలంటారు. వీళ్లకి ముగ్గురు ఆడవాళ్ల పేర్లు చెబితే చాలు. మీషా టేట్‌ని రౌజీ రెండుసార్లు ఓడించింది. రౌజీని హోమ్ ఓడించింది. 2016 మార్చిలో హోమ్‌ని, అయిదో రౌండులో గొంతు నొక్కి, మీషా టేట్ ఓడించింది. ముగ్గురిలో ఎవరు గొప్ప? జవాబు కోసం కాగితం మీద బాణం గుర్తులు వేసుకుంటూ పోతే పెన్ను గుండ్రంగా తిరిగి మొదలెట్టిన చోటికే వస్తుంది. అదే రాత్రి, అదే బోనులో, కానర్ మెక్‌గ్రెగర్ కూడా పడ్డాడు. అంతకు మూడు నెలల ముందే జోసే ఆల్డోని 13 సెకన్లలో పడేసి, ఏ రౌండులో ఎవరు పడతారో ముందే చెప్పే మహానుభావుడిగా పేరు తెచ్చుకున్న మనిషి. నేట్ డియాజ్‌కి ఆ పోటీ ఉందని తెలిసింది 11 రోజుల ముందు. గెలిచింది డియాజే.

దెబ్బలతో ఓడితే సరే, లెక్కల్లో ఎక్కడో ఒకచోట ఇరికించవచ్చు. 2009 డిసెంబరులో జాన్ జోన్స్ చేతిలో తన్నులు తిని, భుజం కీలు తప్పి, లేవలేక నేల మీద పడి ఉన్న మాట్ హామిల్ గెలిచాడు. మోచేతిని నిటారుగా పైనుంచి కిందకి దించి కొట్టకూడదన్న నిబంధన అప్పట్లో ఒకటుండేది, జోన్స్ అలా కొట్టాడు, అనర్హుడయ్యాడు. జోన్స్ రికార్డులో ఉన్న ఏకైక ఓటమి అదే. 2024 నవంబరు 1 నుంచి ఆ నిషేధాన్ని నిబంధనల్లోంచి తీసేశారు, ఇప్పుడు కొట్టుకోవచ్చు. హామిల్ గెలుస్తాడని ఆ రోజు జోస్యం చెప్పినవాడు ఎవడైనా ఉంటే, నేలమీద పడుకుని ఉండగా గెలుస్తాడని కూడా చెప్పి ఉండాలి మరి.

క్రిస్ వైడ్‌మన్ సంగతి ఇంకా విచిత్రం. 2013 డిసెంబరులో ఆండర్సన్ సిల్వా కాలితో తంతే వైడ్‌మన్ మోకాలు అడ్డం పెట్టాడు; సిల్వా కాలు విరిగింది. ఏడేళ్లు దాటాక, 2021 ఏప్రిల్‌లో, యురయా హాల్ మీద వైడ్‌మన్ మొదటి తన్ను తన్నాడు. సరిగ్గా అదే తీరులో ఈసారి వైడ్‌మన్ కాలు విరిగింది. హాల్ ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా గెలిచి, ఏం చెయ్యాలో తోచక నిలబడ్డాడు. దీనికి ‘అయితే’ తగిలించే జోస్యం ఏదో బావమరిది ఇప్పటికీ చెప్పలేదు. ఆలోచిస్తున్నాడు.

2022 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో కమారు ఉస్మాన్, లియాన్ ఎడ్వర్డ్స్ పోటీ అయిదో రౌండులో పడింది. ఉస్మాన్ బాగా ముందున్నాడు. నాలుగో రౌండు తర్వాత ఎడ్వర్డ్స్ కోచ్ డేవ్ లవెల్, నీళ్లు తాగుతున్న శిష్యుడి ముఖంలో ముఖం పెట్టి, నీకేమైందిరా అన్నట్టు అరిచి గోల పెట్టాడు. వాట్సాప్ గ్రూపులో జోస్యగాళ్లు అప్పటికే మార్కులు వేసేసుకుంటున్నారు. ఇంకో నిమిషం కూడా లేదు. ఎడ్వర్డ్స్ ఎడమ చెయ్యి ఎత్తి గుద్దబోయినట్టు చూపించాడు. గుద్దు తప్పించుకోవడానికి ఉస్మాన్ తల పక్కకి వాల్చాడు. తల వాల్చిన చోటికి ఎడమ కాలు వచ్చింది. 24 నిమిషాల లెక్కలు ఒక్క కాలితో కొట్టుకుపోయాయి.

అప్పుడు కూడా మెసేజీ వచ్చింది.

ఇంతకీ బావమరిది దగ్గర తిరుగులేని జోస్యం ఒకటుంది. కబీబ్ నుర్మగొమెదోవ్‌కీ టోనీ ఫెర్గూసన్‌కీ ఫైటు జరిగితే ఫెర్గూసన్ మూడో రౌండులో గెలుస్తాడు. ఈ జోస్యం ఇంతవరకూ తప్పలేదు. తప్పే అవకాశమూ లేదు. ఎందుకంటే ఆ ఫైటు జరగలేదు. అలా అని దాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. జరగకపోవడంలో దానికి ఉన్నంత చరిత్ర, జరిగిన ఫైట్లలో చాలావాటికి లేదు.

మొదట 2015 డిసెంబరుకి ముహూర్తం పెట్టారు. కబీబ్‌కి పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలింది, రద్దు. 2016 ఏప్రిల్‌కి పెట్టారు. ఈసారి ఫెర్గూసన్ ఊపిరితిత్తుల్లో సమస్య, రద్దు. 2017 మార్చికి పెట్టారు. బరువు తగ్గించుకునే ప్రయత్నంలో కబీబ్ ఆసుపత్రి పాలయ్యాడు, బరువులు తూచే రోజున తూకానికే రాలేదు. ఆ వారం ఆయన తిరమిసు అనే ఇటాలియన్ తీపి వంటకం తిన్నాడన్న కథ అభిమానుల నోళ్లలో ఇప్పటికీ నానుతోంది. మన పెళ్లిళ్లలో ఒక ముహూర్తం తప్పితేనే పంతులుగారిని మారుస్తారు. వీళ్లు మూడు తప్పినా నాలుగోది పెట్టారు.

నాలుగోది 2018 ఏప్రిల్ 7, బ్రూక్లిన్. ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 1న కబురు: ఫెర్గూసన్ ఓ టీవీ స్టూడియోలో నేల మీది కేబులు తగిలి పడ్డాడు, మోకాలు దెబ్బతింది, పోటీ రద్దు. ఆ తేదీ చూసి ఎవరూ నమ్మలేదు. ప్రపంచంలో అత్యంత భయంకరమైన వాళ్లలో ఒకడు, మోచేతులతో మనుషుల నుదుళ్లు చీల్చేవాడు, వైరుకి తట్టుకుని పడ్డాడంటే ఏప్రిల్ ఫూల్ కాక ఏమనుకుంటారు? నిజమే అయింది.

అతని స్థానంలో కింది బరువు తరగతి ఛాంపియన్ మాక్స్ హాలోవేని పిలిచారు. గురువారం ఏమైందంటే, మెక్‌గ్రెగర్ మందీమార్బలంతో దిగి, ఫైటర్లున్న బస్సు మీదకి సామాన్లు తోసుకెళ్లే బండి ఎత్తి విసిరాడు. అద్దం పగిలింది. లోపలున్న మైఖేల్ కియేసాకి, రే బోర్గ్‌కి గాజు ముక్కలు తగిలాయి, వాళ్ల ఫైట్లు కూడా పోయాయి. శుక్రవారం హాలోవే బరువు తగ్గించుకోలేక నీరసించిపోతే డాక్టర్లు వద్దన్నారు. ఆంథోనీ పెటిస్‌ని అడిగారు, కుదరలేదు. పాల్ ఫెల్డర్ పేరు వచ్చింది, అదీ కాలేదు. చివరికి అదే రాత్రి వేరే ఫైటుకి సిద్ధమై వచ్చిన అల్ అయాక్వింటాని పట్టుకొచ్చి కబీబ్ ముందు నిలబెట్టారు. ఆయన లాంగ్ ఐలాండ్‌లో రియల్ ఎస్టేట్ ఏజెంటు కూడా. తూకంలో 155 పౌండ్ల మీద 0.2 ఎక్కువున్నాడు కాబట్టి గెలిచినా బెల్టు ఇవ్వమన్నారు. వాడుకలో చెప్పాలంటే, రిజిస్ట్రేషన్ కాని ప్లాటు. అయినా ఆ మహానుభావుడు అయిదు రౌండ్లూ స్థలం వదలకుండా నిలబడి ఓడాడు. ఒక్క వారంలో ఇంతమంది ప్రత్యర్థులు మారుతుంటే జోస్యగాళ్లు ఎంత అవస్థపడి ఉంటారో ఊహించుకోవచ్చు. రాత్రి పడుకునే ముందు ఒకరి మీద విశ్లేషణ రాసి పెట్టుకుంటే పొద్దున్నకి ఇంకొకరుంటున్నారు.

అయిదోసారి 2020 ఏప్రిల్ 18. ఇద్దరికీ దెబ్బల్లేవు. తిరమిసు లేదు, కేబుళ్లు లేవు. భూగోళమే మూతబడింది. కోవిడ్‌తో సరిహద్దులు మూసేస్తే కబీబ్ రష్యాలో ఉండిపోయాడు. దాంతో ఈ సంబంధాన్ని పెద్దలు ఇక వదిలేశారు. అదే ఏడాది అక్టోబరులో 29 పోటీల్లో ఒక్కటీ ఓడకుండా కబీబ్ రిటైరయ్యాడు. అంతకు కొన్ని నెలల ముందే తండ్రిని పోగొట్టుకున్నాడు. తనకి కుస్తీ నేర్పింది ఆ తండ్రే.

ఫెర్గూసన్ రిటైరవలేదు.

2020 మే 9న, ప్రేక్షకులు లేని హాల్లో, జస్టిన్ గేట్జీతో తలపడ్డాడు. అప్పటికి వరసగా 12 గెలుపులు. అయిదో రౌండులో రిఫరీ ఆపేదాకా నిలబడే తన్నులు తిన్నాడు. ఆ తర్వాత ఒలివేరా, దరియుష్, చాండ్లర్, నేట్ డియాజ్, బాబీ గ్రీన్, పింబ్లెట్. చివరికి 2024 ఆగస్టులో అబుదాబిలో కియేసా, ఆ పగిలిన బస్సులో ఉన్న కియేసాయే. మొత్తం ఎనిమిది, వరసగా. యూఎఫ్‌సీలో ఇంత పొడుగు ఓటముల వరస ఇంకెవరికీ లేదు. ఫెర్గూసన్‌కి అప్పటికి నలభై ఏళ్లు.

ఆ పోటీల ముందు గ్రూపులో వచ్చిన మెసేజీలు వ్యాసకర్త ఈమధ్య వెనక్కి వెళ్లి చదివాడు. మొదటి రెండిట్లో మామూలే: మొదటి రౌండు దాటితే, నేల మీదకి తీసుకెళ్లకపోతే. మూడో దాని దగ్గర్నుంచి వాక్యాలు పొట్టివైపోయాయి. డియాజ్ ముందు, “టోనీ ఓడతాడు.” గ్రీన్ ముందు, “టోనీ ఓడతాడు.” పింబ్లెట్ ముందు, “ఓడతాడు బావా.” ఏ ప్రహరీ లేదు, ఏ షరతూ లేదు. గెలుపోటముల మీద ఈ మనిషి జీవితంలో కచ్చితంగా చెప్పిన జోస్యాలు అవే, అన్నీ నిజమయ్యాయి. ఒక్కదాని తర్వాత కూడా, నే ముందే చెప్పాగా అనలేదు. వ్యాసకర్త మోకాళ్లు కూడా మెట్లెక్కేటప్పుడు ఈమధ్య కొన్ని విషయాలు ముందే చెబుతున్నాయి కాబట్టి, ఎందుకు అనలేదని ఆయన అడగలేదు.

అడిగింది వేరే. ఏడాది చివర ఎవరి జోస్యాలు ఎన్ని ఫలించాయో లెక్క తేల్చుకునే రివాజు ఒకటుంది. బావమరిది శాతం అనుమానాస్పదంగా ఎక్కువ కనిపిస్తోంది. “టోనీవి కూడా కలిపావా?” అని వ్యాసకర్త ఫోన్లో అడిగాడు.

అటువైపు కాసేపు కీబోర్డు చప్పుడు. “అవి తీసేద్దాంలే బావా.”

తీసేశారు. శాతం ఇంచుమించు సగానికి దిగింది, నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. గొడవ అక్కడితో ఆగలేదు. 2025 అక్టోబరు 25న అబుదాబిలో టామ్ ఆస్పినాల్ కంట్లో సిరిల్ గాన్ వేలు గుచ్చుకోవడంతో మొదటి రౌండులోనే పోటీ ఆపేసి, ఎవరూ గెలవలేదని ప్రకటించారు. వ్యాసకర్త ఆస్పినాల్ అన్నాడు. బావమరిది గాన్ పేరూ చెప్పలేదు, ఆస్పినాల్ పేరూ చెప్పలేదు, “ఫైటు మొదటి రౌండు దాటదు” అన్నాడు. దాటలేదు. దాన్ని ఒప్పుల్లో వెయ్యాలని అతను, అసలు ఫైటే లెక్కలోకి రాదని ఈయన. డాలస్‌లో అర్ధరాత్రి దాటింది, ఇక్కడ మధ్యాహ్నం భోజనాలకి పిలుపొచ్చింది, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. దానికి ఒక మధ్యవర్తిని వెతుకుతున్నారు. పెద్దమేనల్లుడు ఒప్పుకున్నాడు గానీ, తీర్పు ఎటు ఇస్తాడో తనకి ముందే తెలుసని బావమరిది అంటున్నాడు.